ఒరాకిల్ అరీనాలో శివరాత్రి

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి ఉత్తరంగా వెళ్ళే బార్ట్ లోకల్ రైలు శాన్ లియాండ్రో స్టేషను దాటిన కొద్ది నిమిషాలకు, ఎడమ కిటికీ పక్కన కూర్చున్నవారికి రెండు గుండ్రటి కట్టడాలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. వాటిలో చిన్నదానికి చుట్టూ అద్దాల గోడ, ఆ గోడ ముందు ఇంటూ గుర్తుల్లా అల్లుకున్న కాంక్రీటు దూలాలు ఉంటాయి. 1966లో తెరిచిన ఆ భవనాన్ని ఇప్పుడు ఓక్లాండ్ అరీనా అంటున్నారు, అందులో సంగీత కచేరీలు జరుగుతున్నాయి. 2006 నుంచి 2019 వరకు దాని పేరు ఒరాకిల్ అరీనా, గోల్డెన్ స్టేట్ వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు అది సొంతిల్లు. జట్టు అఖాతం అవతలి ఒడ్డున శాన్ ఫ్రాన్సిస్కోలో కట్టుకున్న చేజ్ సెంటరుకు తరలిపోయి ఏళ్ళు గడిచినా, ఆ రైల్లో వెళ్ళిన ప్రతిసారీ నేను చేతిలోని ఫోను పక్కన పెట్టి అటు చూస్తాను. ఎదుటి సీటులోని మనవాళ్ళెవరైనా గమనిస్తే, దూరాన ఏదో గుడి గోపురం కనబడిందని అనుకుంటారేమో.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది 2009–10 సీజనులో. ఆ ఏడాది వారియర్స్ 26 ఆటలు గెలిచి 56 ఆటలు ఓడిపోయారు కనుక టికెట్లు దొరకడం పెద్ద సమస్య కాదు. మా ఆఫీసులో సీజను మొత్తానికి టికెట్లు కొనుక్కున్న సహోద్యోగి ఒకాయన, వారం మధ్యలో వచ్చే ఆటలకు తోడు దొరక్క, కాఫీ యంత్రం దగ్గర నిలబడి కనిపించినవారినల్లా బతిమాలేవాడు. నేను కాదనలేక వెళ్ళాను. కొలీజియం స్టేషనులో దిగి, రెండు పక్కలా ఇనుప వల బిగించిన ఇరుకైన కాలినడక వంతెన మీదుగా జనంతో పాటు కదులుతుంటే, వంతెన పొడుగునా నేలమీద గుడ్డలు పరిచి చొక్కాలు, టోపీలు అమ్మేవాళ్ళు, పెనం మీద ఉల్లిపాయ ముక్కలు మాడిన వాసన, ఎవరో డబ్బా వాయిస్తున్న చప్పుడు కలిసి, నేను అమెరికా వచ్చాక మొదటిసారి తిరునాళ్ళలో నడుస్తున్నట్టు అనిపించింది. ఆ వంతెన చివర ఏముందో చూడకుండానే నాకు ఆ చోటు నచ్చేసిందని చెప్పాలి.

భవనం విషయానికి వస్తే, దాన్ని అందమైనదని ఎవరూ అనరు. 1996–97లో లోపలి భాగమంతా తిరగకట్టేటప్పుడు జట్టు ఒక సీజను పాటు శాన్ హోసేలో ఆడుకుని తిరిగి వచ్చింది. అంత ఖర్చుపెట్టి బాగుచేసినా, పైవరసలవారూ కిందివరసలవారూ ఇరుకైన నడవాల్లోనే ఒకరినొకరు తోసుకుంటూ తిరగవలసి వచ్చేది. విరామ సమయంలో మంచినీళ్ళ సీసా కోసం బయలుదేరితే మూడో క్వార్టరు సగం అయ్యేదాకా సీటుకు చేరడం కష్టం. అయితే ఆ ఇరుకులోంచి ఒక్కసారి తలుపు దాటి లోపలికి అడుగుపెట్టామంటే, నిట్రమైన మెట్ల అడుగున, 94 అడుగుల పొడవూ 50 అడుగుల వెడల్పూ ఉన్న ఆ చెక్క కోర్టు దీపాల వెలుగులో నెయ్యి రాసినట్టు మెరుస్తూ కనిపించేది. 19,596 మంది పట్టే ఆ గిన్నెలాంటి హాలులో పైకప్పు మరీ ఎత్తుగా లేనందువల్లనో ఏమో, అరుపు పైకి వెళ్ళి ఆవిరైపోకుండా తిరిగి మన మీదనే పడేది. "వా...రియర్స్" అంటూ మొదటి అక్షరాన్ని ఊపిరి ఉన్నంతవరకూ సాగదీసి, మిగతాదాన్ని ఒక్కసారిగా విసిరేసే ఆ నామస్మరణ ఒక మూల మొదలై హాలంతా చుట్టి వచ్చేసరికి కాళ్ళ కింది కాంక్రీటు అదిరేది. ఒరాకిల్ అన్న పేరుకు గర్జన అనే అర్థమొచ్చే మాట ముందు తగిలించి ఊళ్ళోవాళ్ళు "రోరాకిల్" అని పిలుచుకునేవారు. ఓడిపోతున్న జట్టు కోసం అంత గొంతు చించుకునేవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఏడాదే, జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే డ్రాఫ్టులో ఏడవ ఎంపికగా జట్టులోకి వచ్చిన స్టెఫెన్ కర్రీ అనే కుర్రవాడు, పక్కవాళ్ళ భుజాల దాకా మాత్రమే వచ్చే ఎత్తుతో, వదులు చొక్కాలో కాలేజీ విద్యార్థిలా ఉండేవాడు. ఇతని చీలమండలు ఎన్నాళ్ళు నిలుస్తాయోనని నా పక్కన కూర్చున్నవాళ్ళు బెంగపడేవారు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే కనుక దాన్ని మళ్ళీ చెప్పను. 2015లో నలభై ఏళ్ళ తర్వాత టైటిల్ వచ్చింది, టికెట్ల ధరలు మా బోటివాళ్ళకు అందకుండా పోయాయి, ఆ సహోద్యోగి ఎవరినీ బతిమాలడం మానేశాడు. ఒక్క దుఃఖం మాత్రం చెప్పుకోకపోతే మనసు ఊరుకోదు. 2015 జనవరి 23, శుక్రవారం నాడు నా దగ్గర రెండు టికెట్లు ఉన్నాయి. ఆ రాత్రి ఆఫీసులో ఒక కొత్త వెర్షను విడుదల ఉందని, వాటిని పొరుగింటివాళ్ళకు ఇచ్చేశాను. సాక్రమెంటో జట్టు మీద ఆ రాత్రి మూడో క్వార్టరులో మన క్లే థాంప్సన్ పన్నెండు నిమిషాల్లో 37 పాయింట్లు సాధించాడు, వేసిన 13 షాట్లూ పడ్డాయి, వాటిలో తొమ్మిది మూడు పాయింట్లవి. ఒక్క క్వార్టరులో అన్ని పాయింట్లు అంతకు ముందు ఎవరూ సాధించలేదు. మా విడుదల మాత్రం సోమవారానికి వాయిదా పడింది.

2019 ఏప్రిల్ 7న, అక్కడ జరిగిన చివరి సాధారణ సీజను ఆటకు కూడా వెళ్ళాను. 2007లో ఎనిమిదో స్థానంలో, సీజను చివరి పోటీలైన ప్లేఆఫ్స్‌కు చేరి, 67 ఆటలు గెలిచిన డాలస్ జట్టును ఇంటికి పంపినప్పటి పాత జెర్సీలను, ఎవరికీ ముందుగా చెప్పకుండా, ఆటగాళ్ళందరూ వేసుకుని కోర్టు మీదికి వచ్చారు. నా ముందు వరసలో నెరిసిన గడ్డం పెద్దమనిషి ఒకాయన, అప్పట్లో పంచిన పసుపుపచ్చ చొక్కానే వెలిసిపోయినా వేసుకొచ్చి, ఆ జెర్సీలు చూడగానే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. చేజ్ సెంటరుకు ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. నడవాలు విశాలంగా ఉన్నాయి, కుర్చీలు మెత్తగా ఉన్నాయి, భోజనం బాగుంది, బాగాలేదనడానికి నాకు కారణమేదీ దొరకలేదు.

ఇన్నిసార్లు వెళ్ళినా, ఆ భవనం కనిపించగానే గుర్తొచ్చేది ఒక్క రోజే. అది 2016 మార్చి 7, సోమవారం, మహాశివరాత్రి.

మా నాన్నగారు తణుకు దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పీఈటీగా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఊరికి మాత్రం ఆయన ఎప్పటికీ డ్రిల్లు మాస్టారే. గ్రావెలు తోలించి, నీళ్ళు చల్లి రోలరుతో తొక్కించి, పిల్లల చేత సున్నంతో గీతలు వేయించిన మా బడి బాస్కెట్‌బాల్ కోర్టుకు ఒకవైపు బోర్డే ఉండేది. ఆ బోర్డు మీది రింగును ఊరి కమ్మరి చేసిచ్చాడు, దానికి వల ఎన్నడూ లేదు. ఆ కోర్టులో నాన్నగారి శాసనం ఒక్కటే: "దగ్గరికెళ్ళి వెయ్యరా." దూరం నుంచి వేసినవాడు, బంతి రింగులో పడినా సరే, గ్రౌండు చుట్టూ ఒక రౌండు పరుగెత్తి రావాల్సిందే. ఆ శాసనానికి కారణం నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ అర్థం కాలేదు. బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీతను అమెరికా లీగు ఎన్‌బీఏ గీసింది 1979లో, అంతర్జాతీయ నిబంధనల్లోకి అది వచ్చింది 1984లో. ఆయన వ్యాయామ విద్య శిక్షణ పొందిన రోజుల్లో ఆ గీతే లేదు. దగ్గర నుంచి వేసినా రెండే, దూరం నుంచి వేసినా రెండే అయినప్పుడు, ఏ తెలివైనవాడూ దూరం నుంచి వెయ్యడు. గీత వచ్చిన సంగతి తర్వాత ఆయనకు తెలిసింది. కానీ మా కోర్టు మీద అది గీయడానికి ఇంకో బకెట్టు సున్నం కావాలనీ, బడి ఖాతాలో అంత డబ్బు లేదనీ తేల్చి, ఆ ప్రసక్తిని అంతటితో ముగించారు.

అలాంటి మనిషి ఆ ఏడాది జనవరిలో అమ్మతో కలిసి మా ఇంటికి వచ్చి, సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని, దూరం నుంచే వేసే కర్రీ ఆట చూసి, ఒప్పుకోలేక, చూడటం మానలేక నలిగిపోతుండేవారు. "అదృష్టం రా, ఎన్నాళ్ళుంటుంది" అనేవారు. వారియర్స్ మార్చి నాటికి 55 ఆటలు గెలిచి అయిదే ఓడారని చెప్పినా వినిపించుకునేవారు కాదు. మేము టికెట్లు కొన్న ఆటకు సరిగ్గా ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, పశ్చిమ విభాగం పట్టికలో అట్టడుగున ఉన్న లేకర్స్ చేతిలో లాస్ ఏంజెలెస్‌లో మనవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. కర్రీ, థాంప్సన్ ఇద్దరూ కలిసి పద్దెనిమిది సార్లు గీత బయటి నుంచి వేస్తే ఒక్కటంటే ఒక్కటి పడింది. నాన్నగారు ఏమీ అనలేదు. భోజనానికి లేస్తూ కండువా దులిపి భుజాన వేసుకున్న తీరులోనే అనవలసిందంతా ఉంది.

ఇక ఆ సోమవారం శివరాత్రి అన్న సంగతి టికెట్లు కొన్నప్పుడు నాకు తట్టలేదు. అమ్మ క్యాలెండరు చూసి, "శివరాత్రి పూట బంతాటేమిటి, చోద్యం కాకపోతే" అంది. నాన్నగారు ఎన్నడూ ఉపవాసం తప్పినవారు కారు, జాగారం తప్పినవారూ కారు. అందుకే టికెట్లు ఎవరికైనా ఇచ్చేద్దామని నేనే అన్నాను. ఆయన కొంతసేపు ఆలోచించి, ఉపవాసం కడుపుకి గాని కళ్ళకు కాదనీ, ఎలాగూ మేలుకోవాల్సిందే కనుక రాత్రి పన్నెండుకు, లింగోద్భవ కాలానికి గుడిలో ఉంటే చాలుననీ తీర్పు చెప్పారు. అమ్మనూ నా భార్యనూ సాయంత్రమే లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో దింపి, కారు డబ్లిన్ స్టేషనులో ఆపి, మేమిద్దరం రైలెక్కాము. ఆయన నుదుట విభూతి రేఖలు, స్వెట్టరు జేబులో నాలుగు ఖర్జూరాలు ఉన్నాయి.

కావాలనే తలుపులు తీసే వేళకు చేరాము. ఆట ఏడున్నరకు, కర్రీ సన్నాహం చూడాలంటే గంటన్నర ముందే వెళ్ళాలి. మా సీట్లు ఎక్కడో పైన ఉన్నా, ఆట మొదలయ్యేదాకా కింది వరసల్లో నిలబడనిచ్చేవారు. అక్కడ కాపలా ఉన్న ఒక పెద్దావిడ నాన్నగారి విభూతినీ, ఆయన మోకాళ్ళనూ చూసి, చివరి కుర్చీ చూపించి కూర్చోమంది. హాలు ఇంకా ఖాళీగా ఉంది. కుర్చీల వరసలన్నీ బోసిగా, దీపాలన్నీ కోర్టు మీదనే. ఆ నిశ్శబ్దంలో బంతి చెక్కను తాకే చప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తోంది.

కర్రీ రెండు చేతుల్లో రెండు బంతులతో డ్రిబుల్ చేస్తూ వచ్చాడు, ఒకటి పైకి లేస్తుంటే రెండోది కిందికి. నాన్నగారు కాస్త ముందుకు వంగి, "ఇది మేమూ చేయించేవాళ్ళం, కాకపోతే ఒక్క బంతితో" అన్నారు. కాసేపాగి, "ఉన్నది ఒక్కటే కదా" అని కలిపారు. తర్వాత అతను రింగుకు చేతికందే దూరంలో నిలబడి, ఎడమచేత్తో, కుడిచేత్తో, తీరిగ్గా చిన్న చిన్న షాట్లు వేశాడు. ఒక్కొక్క అడుగే వెనక్కి జరుగుతూ, ఎక్కడా తొందర లేకుండా, బడిలో మొదటి రోజు చేరినవాడిలా అవే అవే షాట్లు వేస్తూ గీత దాకా వెళ్ళాడు. రింగు నుంచి గీతకు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. అతను అక్కడా ఆగలేదు.

నేను కర్రీని చూడటం మానేసి నాన్నగారి చేతిని చూడటం మొదలుపెట్టింది అప్పుడే. ఆయన బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తోంది. జపం చేసుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు, లెక్కపెడుతున్నారు. అదీ పడినవాటిని కాదు, పోయినవాటిని. చాలాసేపు ఆ బొటనవేలు చిటికెనవేలి మధ్య కణుపు మీదనే కదలకుండా ఉండిపోయింది. ఎడమ మూల నుంచి వేసినప్పుడు ఒకటి రింగును గీరుకుని బయటికి దూకింది, వేలు ఒక కణుపు పైకి జరిగింది. మళ్ళీ ఆగింది. బంతి అంచును తాకకుండా వలలోంచి జారినప్పుడల్లా పుట్టే ఆ సన్నటి చప్పుడు, తడిబట్ట దులిపినట్టు, వరసగా వస్తూనే ఉంది. మా ఊళ్ళో రింగుకు వల లేదు కనుక ఆ చప్పుడు మేము ఎన్నడూ వినలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

"మణికట్టు చూడు," అన్నారు చివరికి. "బంతి వెళ్ళిపోయాక కూడా చెయ్యి దించడం లేదు. పడిందో లేదో తెలిసేదాకా అలాగే పెట్టి ఉంచుతున్నాడు." ఇంకాసేపటికి, "బలం చేతిది కాదు, పాదాలది. నిన్నటిది చూసి నేను చెయ్యి అనుకున్నాను" అన్నారు. ఆయన నోట, తాను ఒకటి అనుకుని పొరబడ్డానన్న మాట నేను విన్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, అదీ ఒక చేతి వేళ్ళు చాలు. అన్నీ అయ్యాక కర్రీ, ఆటగాళ్ళు లోపలికి వెళ్ళే దారి మొగదల నిలబడి, అక్కడినుంచి బంతిని ఆకాశానికి విసిరినట్టు విసిరి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ షాటు పడిందో లేదో నాకు గుర్తులేదు. అది సర్కసు అని కొట్టిపారేసి, నాన్నగారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆట మొదలయ్యాక ఆయనలోని రిఫరీ మేలుకున్నాడు. మా సీట్లు పైకప్పుకు దగ్గరగా ఉన్నా, అక్కడినుంచి కూడా బంతి నేలకు కొట్టకుండా ఎవరెన్ని అడుగులు వేశారో ఆయనకు కనిపించేది. "నడిచాడు! నడిచాడు! విజిల్ ఊదడేం?" అని తెలుగులో అరుస్తుంటే, ఆ హోరులో అది కూడా ప్రోత్సాహమే అనుకుని ముందువరసవాళ్ళు వెనక్కి తిరిగి బొటనవేలు చూపించేవారు. ప్రతి అయిదు నిమిషాలకూ ఆట ఆపి నాట్యాలు చేయించడం, గొట్టాలతో చొక్కాలు జనం మీదికి పేల్చడం ఆయనకు నచ్చలేదు. ఆట తక్కువ, తంతు ఎక్కువ అన్నారు. వెల్లుల్లి వేసి వేయించిన బంగాళాదుంప ముక్కల వాసన ఆ హాలులో ప్రసిద్ధం. మా పక్కనాయన పెద్ద పొట్లం తెచ్చుకుని, మర్యాదకు ముందు నాన్నగారి వైపే చాచాడు. నాన్నగారు రెండు చేతులూ జోడించి వద్దన్నారు. ఇవాళ మాకు ఉపవాసం, తెల్లవార్లూ మేలుకుని ఉండాలి అని నేను వివరించబోతే, ఆయన తన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి చూపించాడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల నియమంలో ఆయన బీరు మానేశాడట. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ నా అనువాదం అవసరం పడలేదు. ఒకరు ఇంగ్లీషులో, ఒకరు తెలుగులో రిఫరీని తిట్టుకుంటూ కాలం గడిపారు.

కర్రీ ఆ రాత్రి 41 పాయింట్లు చేశాడు. ఒక సీజనులో మూడు పాయింట్ల షాట్ల లెక్క మూడు వందలు దాటించిన మొదటి ఆటగాడు ఆ రాత్రే అయ్యాడు. సీజను ముగిసేసరికి ఆ లెక్క 402కు చేరింది. వారియర్స్ 119–113తో ఒర్లాండో మీద గెలిచారు. సొంత కోర్టులో అది వరసగా 45వ గెలుపు. మైకేల్ జోర్డన్ ఉన్నప్పటి షికాగో జట్టు పేర ఉన్న 44 గెలుపుల రికార్డు చెరిగిపోయింది. మూడువందలవది పడినప్పుడు హాలంతా లేచి నిలబడితే, నాన్నగారు కూడా మోకాళ్ళు పట్టుకుని లేచారు. చప్పట్లు కొట్టలేదు. కోర్టు అవతలి వైపుకు పరుగెత్తుతున్న కర్రీ చేతినే చూస్తూ నిలబడ్డారు. పక్కనాయన ఆయన భుజం తట్టాడు.

ఆ ఏడాది మొత్తం 73 గెలిచి 9 మాత్రమే ఓడిన జట్టు, జూన్ 19న అదే హాలులో, ఫైనల్స్ ఏడో ఆటలో క్లీవ్‌లాండ్ చేతిలో 93–89తో ఓడిపోయింది. అప్పటికి నాన్నగారు ఊరు వెళ్ళిపోయారు. అక్కడ అది సోమవారం ఉదయం. నేను ఫోను చేస్తే, ఆఖరి నిమిషాల్లో దగ్గరికెళ్ళి వెయ్యవలసింది అని మాత్రం అన్నారు.

కానీ ఆ శివరాత్రి నాడు తిరుగు రైలులో ఆయన ఏమీ అనలేదు. నిలబడటానికి కూడా చోటులేని పెట్టెలో, పసుపూ నీలమూ చొక్కాల మధ్య, ఎవరో లేచి ఇచ్చిన సీటులో కూర్చుని, జేబులోంచి ఒక ఖర్జూరం తీసి చప్పరిస్తూ కిటికీలో తన నీడనే చూసుకున్నారు. బే ఫెయిర్ దాటాక కుడిచెయ్యి ఒళ్ళోంచి కాస్త పైకి లేచి, మణికట్టు వంగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. ఎవరూ చూడలేదనుకున్నట్టున్నారు.

లివర్‌మోర్ చేరేసరికి పదకొండు దాటింది. గుడి ఆవరణ అంతా మనుషులు, చెప్పుల గుట్టలు, మైకులో రుద్రం. అమ్మ మాకోసం వరసలో చోటు పట్టి ఉంచింది. నాన్నగారి చేతిలో మారేడు దళాలు పెట్టి, కోపం నటిస్తూ మొహం తిప్పుకుంది. మా ముందు నిలబడ్డ గుంటూరు పెద్దాయన ఒకరు, ఇంత ఆలస్యంగా ఎక్కడినుంచి వస్తున్నారండీ అని పలకరించారు. నాన్నగారు జవాబుగా మారేడు దళాలను ఎడమచేతిలోకి మార్చుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, కుడిచెయ్యి తలమీదికి ఎత్తి, మణికట్టు ముందుకు వంచి చూపించారు. చూపించి, చెయ్యి అలాగే ఉంచేశారు. ఆ పెద్దాయనకు ఏమీ అర్థంకాక, ఆయనా తల ఎత్తి గాలిలోకి చూశారు.

"చెయ్యి దించండి," అంది అమ్మ. "వరస కదిలింది."